పదిహేను వందల అడుగుల బోరు వద్దు, బిడ్డా

హనుమకొండ,
ఏప్రిల్ 14.

చిరంజీవి అమ్ములుకు,

మీ పెద్దమ్మ నీ కోసం ఆవకాయ కలిపి పెట్టింది. తమ్ముడు వచ్చేటప్పుడు పంపుతాం.

నువ్వు ఫోన్లో పంపిన మెసేజ్ రెండుసార్లు చదివాను. ఫోన్లో రెండు మాటల్లో తేలేది కాదు గనుక కాగితం మీద పెడుతున్నాను. ఆదివారం మీటింగులో నలుగురికీ చదివి వినిపించాలన్నా పనికొస్తుంది. కొండాపూర్‌లో మీ అపార్ట్‌మెంటుకు రెండు బోర్లున్నాయనీ, ఒకటి ఎండిపోయిందనీ, రెండోది పావుగంట పోసి గాలి పీలుస్తోందనీ రాశావు. పదిహేను వందల అడుగులకు కొత్త బోరు వేద్దామని కమిటీలో ఎక్కువమంది అంటున్నారనీ, పాయింటు ఎక్కడ పెట్టాలో చెప్పమనీ అడిగావు. భూగర్భ జల శాఖలో పనిచేసి రిటైరైన పెద్దనాయన ఇంట్లో ఉండగా బయట ఎవరినో అడగడమెందుకని నీకు అనిపించడం సహజమే.

నా మాట ముందే చెప్పేస్తాను. ఆ బోరు వేయించొద్దు. ఎందుకు వద్దంటున్నానో, దానికి బదులు ఏం చేయాలో ఇక్కడ రాస్తాను. సెక్రటరీవి అయ్యావు కాబట్టి నలుగురికీ జవాబు చెప్పాల్సింది నువ్వే. విషయం నీకు పూర్తిగా అర్థం కావాలి.

మీ కాళ్ల కింద ఉన్నది గ్రానైటు రాయి. వయసు రెండు వందల యాభై కోట్ల ఏళ్లు అటూ ఇటూగా ఉంటుంది. ఖాజాగూడ గుట్టల మీద, దుర్గం చెరువు గట్టున ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించే బండలన్నీ అదే రాయి. ఆ రాయిలో నీళ్లుండవు. ఎండకూ వానకూ వేల వేల ఏళ్లు నాని, పగిలి, పొడిపొడి అయిన పైపొరలోనే నీళ్లుంటాయి. పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద సగం చివికిన రాయి, తర్వాత పగుళ్లున్న రాయి వరుసగా వస్తాయి. చివికిన పొర మామూలుగా పది, ఇరవై మీటర్లు ఉంటుంది. దాని కింద పగుళ్ల పొర మరో పది, ఇరవై మీటర్లు సాగుతుంది. అంతకంటే కిందికి పోతే గట్టి రాయే. అక్కడక్కడ ఏదో ఒక పగులు తగిలితే తగులుతుంది, లేదంటే లేదు. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఫ్రెంచి వాళ్లతో కలిసి మహేశ్వరం దగ్గర ఏళ్ల తరబడి బోర్లు కొలిచి తేల్చిన విషయం కూడా ఇదే. మన గ్రానైటులో నీళ్లు కదిలే పగుళ్లలో అధిక భాగం పై నలభై మీటర్లలోపే ఉన్నాయి.

రిగ్గు నడిచేటప్పుడు పక్కన నిలబడి చూసేవాళ్లకు ఇదంతా కళ్ల ముందు కనిపిస్తుంది. బోరు కుర్రవాళ్లు పది అడుగులకో కుప్ప చొప్పున బయటికొచ్చిన రాతిపొడిని వరుసగా పోస్తారు. మొదటి కుప్పలు ఎర్రగా, ముద్దగా ఉంటాయి. తర్వాతవి పసుపు తిరిగి, వేళ్ల మధ్య నలిపితే ఇసుకలా గరగరలాడతాయి. కేసింగు దించేది అక్కడిదాకానే. ఆ తర్వాత కుప్పలన్నీ బూడిద రంగులో, మైదాపిండి అంత మెత్తగా వస్తాయి, సుత్తి మోత కూడా మారుతుంది. దుమ్ము లేచి రోడ్డంతా కమ్మేస్తుంది. అప్పటికి రిగ్గు నూట యాభై అడుగుల్లో ఉంటుంది. ఇంకా పదమూడు వందల యాభై అడుగులు ఆ బూడిదలోనే తోలుతారు. ప్రతి అడుగుకూ మీరు డబ్బు కడతారు.

కుండలో నీళ్లు తగ్గాయని గొట్టాన్ని ఇంకా కిందికి దించితే కుండ పెద్దదవదు. లోతు బోరు చేసేది ఇంతే.

మీటింగులో ఒకరు లేచి తప్పకుండా ఒక మాట అంటారు: "మా బావమరిది వాళ్ల దగ్గర వెయ్యి అడుగుల్లో రెండించుల నీళ్లు పడ్డాయి కదా?" నిజమే, పడతాయి. లోతున పగుళ్లు అసలే లేవని నేననడం లేదు. ఆ పగులు ఎటో పైకి పోయి, పైపొరలోని నీళ్లకే కలిసి ఉంటుంది. మొదటి వేసవి బాగా పోస్తుంది. రెండో వేసవికి సగమవుతుంది. ఆ పగులు పైపొరను కూడా ఖాళీ చేస్తుంది గనుక చుట్టుపక్కల నూట యాభై, రెండు వందల అడుగుల బోర్లు వరసగా ఎండుతాయి. నీళ్లు పడ్డరోజు కొబ్బరికాయ కొట్టి ఫొటోలు తీసుకుంటారు, ఆ సంగతి ఊరంతా చెప్పుకుంటారు. రెండేళ్ల తర్వాత మోటారు పైకి తీసిన రోజు గురించి ఎవరూ మాట్లాడరు. అందుకే లోతు బోరుకు అంత మంచి పేరు.

ఇంకో రెండు సంగతులు చెప్పి బోరు విషయం ముగిస్తాను. నీటిని వెయ్యి అడుగుల నుంచి పైకి తేవడానికి వంద అడుగుల నుంచి తేవడానికయ్యే కరెంటుకు పదింతలు కావాలి. ఆ లెక్క ఏ ఏడాది మారేది కాదు, ప్రతినెలా బిల్లులో కడుతూ ఉండాల్సిందే. రెండోది, గ్రానైటు లోతుల్లో చాలాకాలం నిలిచిన నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువగా ఉండే వీలుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. నల్లగొండ పల్లెల్లో వంగిపోయిన నడుములు, ముడుచుకుపోయిన మోకాళ్లు నేను ఉద్యోగంలో ఉండగా చూశాను. ఆ నీళ్లు చూడ్డానికి తేటగానే ఉండేవి.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకో. ఒక లెక్క వేద్దాం. మీటింగులో బోర్డు మీద నువ్వే వేసి చూపించు. నేను ఉపన్యాసమిచ్చే కన్నా అది గట్టిగా పనిచేస్తుంది.

మీ స్థలం ఎకరం అనుకుందాం, నాలుగు వేల చదరపు మీటర్ల పైచిలుకు. హైదరాబాదులో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. ఆ లెక్కన మీ ఎకరం మీద ఏడాదిలో పడే వాన మొత్తం 32 లక్షల లీటర్లు. మన రాతి నేలలో దానంతటది ఇంకేది నూటికి పది పాళ్లు, అంటే 3 లక్షల 20 వేల లీటర్లు. అది కూడా నేల ఖాళీగా ఉంటేనే. మీరు దాన్ని సిమెంటు టైల్సుతో కప్పేశారు.

ఇక వాడకం చూడు. నూరు ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు. పట్టణాలకు ప్రభుత్వం పెట్టిన కొలతే ఇది. రోజుకు 54 వేల లీటర్లు అవుతాయి. ఏడాది పొడవునా ఇంకిన నీళ్లు మీకు ఆరు రోజులకు సరిపోతాయి.

చుక్క పోకుండా వాననంతా పట్టి నేలలోకి దించారనుకున్నా అరవై రోజులకే సరి. అయిదంతస్తులు, పదంతస్తులు లేపి, ఎకరానికి నాలుగు వందల మందిని పెట్టిన చోట నేల కింది నీళ్లు రోజువారీ అవసరానికి చాలవు. ఎవరెంత తెలివిగా పాయింటు పెట్టినా చాలవు. మిగిలిన మూడు వందల రోజుల నీళ్లు ఎక్కడివి మరి? నల్లా నీళ్లు తీసేస్తే మిగిలినదంతా మీ పక్క ఎకరం కిందిది, ఆ పక్క ఎకరం కిందిది. వెనక బస్తీలో చేతిపంపు ఉండేదని రాశావు కదా, దాని కిందిది. ట్యాంకరులో వచ్చేది శివారు పల్లెలో ఎవరో రైతు బోరుది. ఆయన వరి మాని నీళ్లు అమ్ముకుంటున్నాడు. ఆయన పక్క చేను వాడికి వరీ లేదు, అమ్ముకోవడానికి నీళ్లూ లేవు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ పద్ధతే. లోతుకు పోగల స్తోమత ఉన్నవాడికే నీళ్లు దొరుకుతున్నాయి. 1882లో తెల్లదొరలు చేసిన ఈజ్‌మెంట్స్ చట్టం, ఎవరి భూమి కింది నీళ్లు వాళ్లు తోడుకోవచ్చని పెట్టింది. చేంతాడు వేసి బావిలోంచి చేదే రోజుల్లో అది చెల్లింది. చేదతో ఎంత చేదినా ఊరి బావులన్నీ ఎండవు. సబ్‌మెర్సిబుల్ మోటారు వచ్చాక ఆ హక్కు పక్కవాడి గొంతు ఎండబెట్టే హక్కుగా మారింది. మన దగ్గర 2002లో వాల్టా చట్టం తెచ్చారు. బోరుకు అనుమతి తీసుకోవాలి, రిగ్గులు నమోదు కావాలి, పక్క బావికి దెబ్బ తగలకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. మంచి చట్టం. అర్ధరాత్రి రిగ్గు తెచ్చి తెల్లారేసరికి పని ముగించే కాంట్రాక్టరు ఉన్నంతకాలం దాన్ని నిలబెట్టాల్సింది మీలాంటి కమిటీలే.

హైదరాబాదు ఎప్పుడూ ఒక్క నేల కింది నీళ్లనే నమ్ముకున్న ఊరు కాదమ్మా. కుతుబ్‌షాహీల నాడు దుర్గం చెరువు గోల్కొండ కోటకు తాగునీళ్లిచ్చింది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేల ప్రాణాలు తీసుకుపోయాక నిజాం విశ్వేశ్వరయ్యను పిలిపించాడు. ఆ వరదను ఆపడానికి కట్టినవే 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్. వరద కోసం కట్టిన చెరువులు ఊరి దాహం కూడా తీర్చాయి. తర్వాత మంజీరా, సింగూరు. 2004లో కృష్ణ వచ్చింది, 2015లో గోదావరి వచ్చింది. ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్లకు పైగా పైపుల్లో నడిచి, మధ్యలో ఎన్నో చోట్ల పంపుల మీద ఎక్కి మీ సంపులోకి చేరుతోంది గోదావరి నీరు. ఇంత దూరం నుంచి తెచ్చుకుంటూ, మధ్యలో ఉన్న వందల చెరువుల్ని మనమే పూడ్చుకుంటూ వచ్చాం.

మన హనుమకొండ, వరంగల్లులో కాకతీయుల పద్ధతి నువ్వు చిన్నప్పటి నుంచి చూసిందే. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కాలువలో పడి కింది చెరువుకు పోతాయి. అది నిండితే ఇంకా కిందిదానికి. హైదరాబాదు చెరువులు కూడా ఇలా గొలుసుగానే ఉండేవి. చెరువులో నీళ్లు వానాకాలమంతా నిలబడి ఉంటే దాని చుట్టూ కిలోమీటరు మేర బావుల్లో నీళ్లు పైకొచ్చేవి. చెరువు హద్దుల్లోకి ఇళ్లు రావడం ఒక నష్టం. దాన్ని అందరూ చూస్తారు, పేపర్లలో రాస్తారు. చెరువుకు నీళ్లు తెచ్చే నాలా మూసుకుపోవడం అంతకన్నా పెద్ద నష్టం, అది ఎవరికీ కనపడదు. నాలా పోతే చెరువు ఉండీ లాభం లేదు, దానికి నీళ్లొచ్చే దారి ఉండదు. ఆ నీళ్లు రోడ్డెక్కుతాయి. 2020 అక్టోబరులో కాలనీలకు కాలనీలు మునిగాయి, పడవలు వేశారు. నడుములోతు నీళ్లు నిలిచిన వీధులున్న ఊళ్లోనే వేసవిలో ట్యాంకర్లు తిరుగుతాయి. వరద, కరువు రెండూ ఆ మూసేసిన నాలా దగ్గరే పుడుతున్నాయి.

మీ వైపు ఇంకొకటి జరుగుతోంది. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కార్లు పెట్టుకోవడానికి మూడు, నాలుగు అంతస్తుల సెల్లార్లు తవ్వుతున్నారు. పదిహేను మీటర్లు కిందికి తవ్వడమంటే, నేను పైన చెప్పిన నీళ్లుండే పొరనే ఎత్తి లారీల్లో బయటికి పంపడం. అంతటితో ఆగదు. ఆ గోడల్లోంచి ఊరే నీళ్లను రాత్రింబవళ్లు పంపు పెట్టి మురుగు కాలువలోకి వదులుతారు. ఒకే వీధిలో ఈ చివర సెల్లారు నీళ్లు డ్రైనేజీలోకి తోడుతుంటారు, ఆ చివర వెయ్యి అడుగుల బోరు వేస్తుంటారు. మీ సెల్లారులోనూ అలాంటి గుంట ఒకటి ఉంటుంది, వాచ్‌మన్‌ను అడుగు. వానాకాలంలో రోజూ పంపు వేస్తున్నాడంటే ఆ నీళ్లను పరీక్ష చేయించండి. మురుగు కలవకపోతే మొక్కలకూ కార్లు కడగడానికీ అవే వాడండి.

మనలాంటి నేలే ఉన్న బెంగళూరుకు 2024 వేసవిలో ఏమైందో నీకు గుర్తుండే ఉంటుంది, మీ ఆఫీసు వాళ్లు కొందరు అక్కడి నుంచే పనిచేసేవారన్నావు. నగరంలోని సుమారు 14 వేల ప్రభుత్వ బోర్లలో దాదాపు సగం ఎండిపోయాయని అక్కడి ప్రభుత్వమే చెప్పింది. అందులోనూ ఒక తేడా ఉంది. కావేరి పైపులు పాతబడి కారే నడి ఊళ్లో నేల నీళ్లు పైపైనే ఉన్నాయి. పైపులు పోని కొత్త శివార్లలో, అద్దాల భవనాలున్న చోట, అడుగంటాయి. అంటే ముందు ఇళ్లు వచ్చాయి, నీళ్ల సంగతి తర్వాత చూసుకుందామనుకున్నారు. మన కొండాపూర్, మియాపూర్, నల్లగండ్ల వైపు కూడా పెరుగుదల అలాగే సాగింది.

చెన్నై కథ ఇంకో రకం. 2003లో అక్కడ ప్రతి ఇంటికీ వాననీటి ఏర్పాటు ఉండాలని గట్టిగా చట్టం పెట్టారు, గడువు పెట్టి అమలు చేశారు. తర్వాతి ఏళ్లలో బావుల్లో మట్టం లేచింది, నీళ్ల రుచి మారింది. అక్కడ చాలాచోట్ల ఇసుక నేల, పడ్డ వాన పడ్డట్టు దిగుతుంది. అయినా 2019 వేసవికి ఊరికి నీళ్లిచ్చే నాలుగు చెరువులూ ఎండి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. మన కండలేరు నుంచి పోయే కృష్ణ నీళ్లు కూడా ఆ ఊరిని పూర్తిగా కాయలేకపోయాయి. అప్పటికి చాలా ఇళ్లలో ఇంకుడు గుంతలు పూడిపోయి, గొట్టాలు విరిగి, పేరుకు మాత్రమే మిగిలాయి. గుంత తవ్వినవాళ్లు దాన్ని ప్రతి ఏడాదీ శుభ్రం చేయాలని ఆ ఊరు మనకు చూపించింది.

ఇప్పుడు మీరు చేయగలిగినవి చెప్తాను. నేనైతే ఏది ముందు చేస్తానో ఆ వరుసలోనే రాస్తున్నాను.

మొదట కొలవండి. ఎండిందన్న బోరు ఉంది కదా, దాని మూత తీయించు. ఎండాయన్న బోర్లలో చాలావాటికి అడుగున ఎంతో కొంత నీళ్లుంటాయి, మోటారుకు అందవు అంతే. అందులోంచి మోటారు, పైపులు తీయించేసి ఖాళీగా పెట్టుకుంటే అదే మీకు కొలత బావి అవుతుంది. నా దగ్గర ఒక బజర్ టేపు ఉంది. చివర చిన్న ఇత్తడి బరువు, దానికి రెండు తీగలు, పైన బ్యాటరీ డబ్బా. కేసింగు అంచుకు ఆనించి నెమ్మదిగా వదులుతూ పోవాలి. బరువు నీటిని తాకగానే డబ్బా కూత పెడుతుంది. కొంచెం పైకి లాగితే ఆగుతుంది, మళ్లీ వదిలితే మళ్లీ మోగుతుంది. అలా రెండు మూడుసార్లు ఆడించి, కూత మొదలైన చోట కేసింగు అంచు దగ్గర టేపు మీద అంకె చూసి రాసుకోవాలి. తెల్లవారుజామున, ఏ మోటారూ వేయకముందు కొలవాలి. పక్క బోరు నడుస్తుండగా కొలిస్తే అది నేల నీటి మట్టం కాదు, మోటారు మట్టం. పదిహేను రోజులకోసారి చాలు. ఆ అంకెను లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద పెట్టు. మే నెలాఖరుకు నీటి మట్టం అడుగుకు పోతుంది, అక్టోబరు, నవంబరులో పైకొస్తుంది. నవంబరు మట్టం పోయిన ఏడాది నవంబరు కంటే కిందికుంటే, మీరు వచ్చిన దానికన్నా ఎక్కువ తోడారని అర్థం. మన రాతిలో నూటికి ఒకటి, రెండు పాళ్లే నీళ్లు పడతాయి గనుక మట్టం చాలా వేగంగా కదులుతుంది. మీ నూరిళ్ల ఆరు రోజుల వాడకం మీ ఎకరం కిందినుంచే తీస్తే మట్టం కనీసం నాలుగు మీటర్లు దిగుతుంది. పడ్డ వాననంతా పట్టి నేలలోకి దించితే, నాలుగు మంచి వానలకే అది మళ్లీ లేస్తుంది. ఈ అంకెలు రెండేళ్లు కళ్లపడితే జనం మాట తీరే మారుతుంది, నేను చాలా ఊళ్లలో చూశాను.

రెండోది, వాడిన నీళ్లను మళ్లీ వాడడం. ఇంకుడు గుంతల కన్నా ముందు దీన్ని ఎందుకు పెట్టానో లెక్క చెప్తుంది. మనిషికి 135 లీటర్లలో 45 లీటర్లు మరుగుదొడ్డిలో ఫ్లష్‌కు పోతాయి. నాలుగు వందల మందికి రోజుకు 18 వేల లీటర్లు. ఏడాదికి 65 లక్షల లీటర్ల పైమాట. మీ ఎకరం మీద ఏడాదంతా పడే వానకు అది రెండింతలు. మీ అపార్ట్‌మెంటుకు మురుగునీటిని శుద్ధిచేసే ఎస్‌టీపీ ఉందనీ, కరెంటు ఖర్చని ఆపేశారనీ రాశావు. కొత్త బోరుకు పెట్టే డబ్బు దాని మీద పెట్టండి. ఎస్‌టీపీని బాగుచేయించి, ఫ్లష్ ట్యాంకులకు వేరే గొట్టం వేయించండి. కష్టం గొట్టాలదే. పాత కట్టడంలో గోడలు పగలగొట్టక తప్పదు. కనీసం ముందు తోటకూ, సెల్లారు కడగడానికీ ఆ నీళ్లు పెట్టి, తర్వాత ఒక్కో బ్లాకుకు ఫ్లష్ గొట్టం వేసుకుంటూ పోవచ్చు. బెంగళూరు వాళ్లు తమ మురుగును శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపుతున్నారు. 2018 నుంచి అక్కడ ఎండిన చెరువులు నిండి, బావుల్లో నీళ్లు లేచాయి. శుద్ధి ఇంకా మెరుగ్గా ఉండాలని అక్కడి రైతులు పట్టుబడుతున్నారు, అది న్యాయమే. ఆ పద్ధతి పనిచేస్తుందన్నదైతే తేలిపోయింది.

మూడోది, ఇంటింటికీ మీటరు. నూరిళ్లకూ కలిపి ఒకే బిల్లు పంచుకుంటే పొదుపు చేసే ఇల్లాలికి మిగిలేదేమీ ఉండదు. కారే కుళాయిని బాగుచేయించని వాడికి పోయేదీ ఉండదు. దీని గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

ఇక ఇంకుడు గుంతలు. మీకు ఉన్నాయన్నావు, పని చేస్తున్నాయో లేదో తెలియదన్నావు. ఈ వారమే మూత తీయించి చూడు. అడుగున పెద్ద కంకర, దాని మీద చిన్న కంకర, ఆ పైన ఇసుక ఉండాలి. ఇసుక మీద వేలెడు మందాన నల్లటి జిగురు పొర కనిపిస్తే ఆ గుంత నిద్రపోతున్నట్టే. పై ఇసుక మొత్తం తీయించి, కడిగి ఎండబెట్టి మళ్లీ వేయించాలి. రోహిణిలో చేయించావంటే మృగశిర కార్తె చినుకులకు సిద్ధంగా ఉంటుంది. డాబా మీది నీళ్లే గుంతలోకి పోవాలి. మొదటి రెండు వానల నీళ్లు దుమ్మూ పావురాల రెట్టలతో ఉంటాయి, వాటిని బయటికి వదిలేయాలి. పార్కింగు నీళ్లు, వంటింటి నీళ్లు పొరపాటున కూడా కలవకూడదు. మీ దగ్గర పైన బంకమట్టి ఉంటే గుంతలో నీళ్లు దిగవు, నిలిచి దోమలు పెడతాయి. అప్పుడు మొరం పొరదాకా సన్నటి బోరు వేసి, చిల్లుల కేసింగు దించి, ఫిల్టరు గదిలోంచి వడకట్టిన నీళ్లు పంపాలి. వాడని లోతు బోరులోకి వడకట్టని నీళ్లు మాత్రం ఎవరెంత చెప్పినా వదలనివ్వకు. నేల నీళ్లు ఒకసారి చెడితే మనిషి ఆయుష్షులో బాగుపడవు. పటాన్‌చెరు, బొల్లారం పల్లెల బావుల్లో ఫ్యాక్టరీల విషం దిగి ఎన్నేళ్లయిందో నీకు తెలుసు. కేసులు సుప్రీంకోర్టుదాకా పోయాయి, ఆ బావుల నీళ్లు మాత్రం ఇంకా తాగడానికి పనికిరావు.

ఇవన్నీ చేశాక మీ పాత బోరును తీసేయమని నేననను. దాన్ని ఉంచండి. నల్లా రాని రోజులకు, పైపు పగిలి నాలుగు రోజులు సప్లై ఆగినప్పుడు, వానలు మొహం చాటేసిన ఏడాదికి అది అక్కరకొస్తుంది. రోజూ తోడితే ఆ రోజు వచ్చేసరికి అందులో ఏమీ ఉండదు. నా ఉద్యోగమంతా ఊళ్లకు బోరు పాయింట్లు పెట్టడం, మట్టాలు కొలవడం, నివేదికలు రాయడం. అదంతా చేశాక నాకు మిగిలిన గట్టి నమ్మకం ఇదే. పట్నంలో నేల నీళ్లను కష్టకాలానికి దాచుకోవాలి, రోజువారీ కడుపు నదితోనూ, వాడిన నీళ్లతోనూ నింపుకోవాలి.

ఒక మాట కచ్చితంగా వస్తుంది చూడు: "మనం వేయకపోతే పక్కవాళ్లు వేస్తారు, మన నీళ్లు వాళ్లు లాక్కుంటారు." అది అబద్ధం కాదు. నేల కింద కాంపౌండు గోడలుండవు. అందుకే ఆదివారం మీటింగు అయ్యాక ఆ పక్క అపార్ట్‌మెంటు కమిటీ వాళ్ల దగ్గరికి, వెనక బస్తీ పెద్దల దగ్గరికి నువ్వే పో. బోరు గొడవ పెట్టుకోవడానికి కాదు, మట్టాలు కలిసి కొలుద్దామని అడగడానికి. అయిదారు కట్టడాల వాళ్లు ఒకే తెల్లవారుజామున కొలిచి అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే, ఎవరు తోడితే ఎవరి బోరు దిగుతోందో అందరికీ కనపడుతుంది. కాలనీ మొత్తం కలిసి వాటర్ బోర్డుకు అర్జీ పెడితే పైపు పెద్దది చేయించుకోవడమూ సులువు. బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన పాత మెట్లబావిని 2022కల్లా బాగుచేసి నిలబెట్టారంటే, ప్రభుత్వం, వీధివాళ్లు, బయటి స్వచ్ఛందులు కలిశారు గనుకనే. నువ్వు ఒక ఆదివారం పోయి చూసి రా. మెట్ల మీద నిలబడి కిందికి చూస్తే నీళ్లు నేలకు ఎంత దగ్గరగా ఉండేవో తెలుస్తుంది.

బస్తీవాళ్లను పిలవడం మరవకు. ఎక్కువగా నష్టపోయేది వాళ్లు, మీటింగుల్లో కుర్చీ దొరకనిదీ వాళ్లకే. మీ ఇంట్లో పనిచేసే అమ్మ తెల్లవారుజామున ట్యాంకరు దగ్గర బిందెలు పట్టుకుని నిలబడి, ఆ తర్వాతే మీ ఇంటికొచ్చి గిన్నెలు తోముతోందని నువ్వే రాశావు. ఆ మాట చదివినప్పుడు నీ మనసు నాకు అర్థమైంది. కొత్త బోరుకు నేను వద్దనడానికి మొదటి కారణం రాయి. రెండో కారణం ఆమె.

నాలుగు పనులు నీకు అప్పగిస్తున్నాను. ఆదివారంలోపే చెయ్యి. రెండు బోర్లూ వేసినప్పటి బిల్లులు పాత సెక్రటరీ ఫైల్లో ఉంటాయి. కేసింగు ఎన్ని అడుగులు దించారో, నీళ్లు ఎన్ని అడుగుల్లో పడ్డాయో అందులో ఉంటుంది, ఫొటో తీసి నాకు పంపు. నల్లా మీటరు నుంచి గత ఆరు నెలల రీడింగులు, ట్యాంకర్ల రసీదులు కలిపి నిజంగా రోజుకెన్ని లీటర్లు వాడుతున్నారో తేల్చు. నేను 54 వేలన్నాను, అంతకన్నా ఎక్కువే తేలుతుందని నా అనుమానం. బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి ఫ్లోరైడు, నైట్రేటు పరీక్షకు ఇవ్వు. ఎస్‌టీపీ ఎందుకు ఆగిందో, బాగుచేయడానికి ఎంతవుతుందో రాతపూర్వకంగా తెప్పించు. బోరు కాంట్రాక్టరు కొటేషను పక్కన ఆ కాగితం కూడా ఉండాలి.

బజర్ టేపు తమ్ముడి చేతికిచ్చి ఆవకాయ జాడీతో పాటు పంపుతున్నాను. బ్యాటరీ కొత్తది వేశాను. తీగ మధ్యలో ఒకచోట ప్లాస్టరు చుట్టి ఉంటుంది, అక్కడ గట్టిగా లాగకు. మొదటి కొలత తీసిన రోజే ఫోన్ చెయ్యి. అంకె ఎంతొచ్చినా కంగారు పడకు, ఏప్రిల్ కదా, కిందనే ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ పెద్దనాయన